నమ్మాడా, వాడుకున్నాడా? పాలకుడి మీద మతం, సిద్ధాంతం ఎంత పనిచేశాయో తేల్చే పద్ధతి

ప్రశ్న ఇది: చరిత్రలో రాజులు, దేశాధినేతలు మతాన్ని గానీ రాజకీయ సిద్ధాంతాన్ని గానీ నిజంగా నమ్మి నడిచారా, గద్దె కోసం వాడుకున్నారా? ఎవరి విషయంలో ఏది నిజమో తేల్చేదెలా?

ముందు "నమ్మాడా" అన్న మాటను పక్కన పెట్టాలి. మనసులో ఏముందో బతికున్నవాడి విషయంలోనే చెప్పలేం. పైగా నమ్మడమూ వాడుకోవడమూ ఒకే మనిషిలో ఒకే పూట కలిసి ఉంటాయి. ఒకటి ఉంటే రెండోది ఉండదనుకోవడం దగ్గరే చాలా చర్చలు దారి తప్పుతాయి. తేల్చగలిగిన ప్రశ్న వేరే ఉంది: ఈ నమ్మకం లేనివాడు ఇదే పరిస్థితిలో ఉంటే ఈ పని చేసేవాడా? నమ్మకమూ లాభమూ ఒకే దారిన పోయే చోట దీనికి జవాబు దొరకదు. రెండింటిలో ఒకదాన్ని వదులుకోక తప్పని చోట దొరుకుతుంది. ఎవరి జీవితం తీసుకున్నా మొదట అలాంటి సందర్భాలు ఏరి పెట్టుకోండి.

యూరప్‌లో జరిగిన ముప్పై ఏళ్ల యుద్ధంలో ఇద్దరు కేథలిక్కులను పక్కపక్కన పెట్టి చూస్తే ఇది బాగా తెలుస్తుంది. 1629 నాటికి పవిత్ర రోమన్ చక్రవర్తి రెండో ఫెర్డినాండ్ యుద్ధంలో పైచేయి సాధించాడు. లాభం ఒక్కటే చూసుకునేవాడైతే, అప్పటిదాకా తనకు విధేయంగా ఉన్న లూథరన్ (ప్రొటెస్టెంట్) పాలకులను, ముఖ్యంగా సాక్సనీని, మంచి చేసుకుని శాంతి కుదుర్చుకునేవాడు. ఫెర్డినాండ్ అలా చేయలేదు. 1552 తర్వాత ప్రొటెస్టెంట్ల చేతుల్లోకి పోయిన చర్చి ఆస్తులన్నీ తిరిగి ఇచ్చేయాలని ఆ మార్చిలో శాసనం తెచ్చాడు, అదీ సామ్రాజ్య సభను పిలవకుండానే. ఈ విజయాలు దేవుడు ఇచ్చింది చర్చి సొత్తు తిరిగి రాబట్టడానికేనని అతని పాపసంకీర్తనం వినే జెస్యూట్ గురువు లామోర్‌మైనీ నచ్చజెబుతూ వచ్చాడు. మరుసటి ఏడాది చక్రవర్తిని ఎన్నుకునే కేథలిక్ పాలకులే (ఎలెక్టర్లు) అతని బలం చూసి బెదిరి, అతని సేనాపతి వాలెన్‌స్టైన్‌ను తీసేయించారు. ఆ వేసవిలోనే స్వీడన్ సైన్యం జర్మనీ తీరాన దిగింది. 1631 సెప్టెంబరులో సాక్సనీ స్వీడన్ పక్షాన చేరింది. చివరికి 1635 ప్రాగ్ సంధిలో ఫెర్డినాండ్ తన శాసనాన్ని 40 ఏళ్లు పక్కన పెట్టాల్సి వచ్చింది. చేతికొచ్చిన గెలుపు నమ్మకం కోసం జారిపోయింది. ఆ నమ్మకం లేనివాడు ఈ పని చేసేవాడు కాదని ఇక్కడ ధైర్యంగా చెప్పవచ్చు.

రెండోవాడు ఫ్రాన్స్ మంత్రి రిషెలియూ. ఇతను చర్చిలో కార్డినల్. స్వదేశంలో ప్రొటెస్టెంట్ల కోట అయిన లా రోషెల్‌ను ముట్టడించి 1628లో లొంగదీశాడు. ఆ రిషెలియూయే 1631 జనవరిలో ప్రొటెస్టెంట్ స్వీడన్‌తో ఒప్పందం చేసుకుని, కేథలిక్ చక్రవర్తి మీద యుద్ధానికి ఏటా 4 లక్షల థాలర్లు ఇవ్వడానికి సిద్ధపడ్డాడు. "చూశారా, మతం వట్టి ముసుగు" అని ఇక్కడ ఆగిపోకూడదు, ఒప్పందం షరతులు కూడా చదవాలి. స్వీడన్ గెలిచిన ప్రాంతాల్లో కేథలిక్ ఆరాధన అంతకుముందు ఎక్కడ ఉంటే అక్కడ దాని జోలికి పోకూడదని అందులో ఉంది. అంటే ఫెర్డినాండ్‌కు మతం గమ్యాన్ని నిర్ణయించింది. రిషెలియూ దగ్గర గమ్యం రాజ్యానిదే, మతం ఆ దారిలో ఒక గట్టు మాత్రమే కట్టింది. నా అంచనాలో చరిత్రలో ఎక్కువ మంది పాలకులు ఈ రెండో తరహా వాళ్లే. వాళ్ల నమ్మకం పెద్ద ప్రకటనల్లో కంటే ఇలాంటి షరతుల్లోనే కనిపిస్తుంది.

ఇక ఆధారాల సంగతి. చేయాల్సిన మొదటి పని ఆధారాలన్నిటినీ అవి ఎప్పుడు రాయబడ్డాయో ఆ వరుసలో పెట్టడం. ఏ సంఘటన గురించి చెబుతున్నాయో ఆ వరుసలో కాదు. రోమన్ చక్రవర్తి కాన్‌స్టంటైన్‌ను తీసుకోండి. 312 అక్టోబరు 28న మిల్వియన్ వంతెన దగ్గర యుద్ధం గెలిచాడు. 315లో రోమ్‌లో నిలబెట్టిన విజయతోరణం మీద "దైవ ప్రేరణతో" అన్న అర్థం వచ్చే మాట మాత్రమే ఉంది, ఏ దైవమో లేదు. ఆ యుద్ధం జరిగిన కొద్ది ఏళ్లకే రాసిన లాక్టాంటియస్, చక్రవర్తికి కలలో ఆదేశం వచ్చిందన్నాడు. ఆకాశంలో వెలుగుతో శిలువ కనిపించిందన్న ప్రసిద్ధ కథ యూసెబియస్ రాసిన చక్రవర్తి జీవితచరిత్రలోది. అది వెలువడింది 337లో కాన్‌స్టంటైన్ చనిపోయాక. తేదీల వరుసలో పెడితే కథ ఎలా పెరిగిందో కళ్లకు కడుతుంది. కథను బట్టి వరుస పెడితే 312 నాటికే అంతా తేలిపోయినట్టు అనిపిస్తుంది.

కాగితాలతో పాటు లోహాన్నీ చూడాలి. కాన్‌స్టంటైన్ నాణేల మీద సూర్యదేవుడు సుమారు 325 వరకూ ఉన్నాడు. 321లో వారానికొక సెలవు ప్రకటించిన చట్టం ఆ రోజును "సూర్యుడి పూజ్య దినం" అంది. అదే కాలంలో చర్చికి ఆస్తులు, మినహాయింపులు ఇచ్చాడు. 325లో నైసియా మహాసభకు బిషప్పులను రాజ్యం ఖర్చుతో రప్పించాడు. బాప్తిస్మం మాత్రం మరణశయ్య మీదే తీసుకున్నాడు. ఆ ఆలస్యాన్ని చూపించి అతనికి నమ్మకం లేదనేవారు ఒక విషయం మరిచిపోతున్నారు. బాప్తిస్మంతో అప్పటిదాకా చేసిన పాపాలు కడుక్కుపోతాయి కాబట్టి దాన్ని చివరిదాకా వాయిదా వేయడం ఆ రోజుల్లో మామూలే. ఆ కాలపు అలవాటు తెలియకుండా ఇవాళ్టి కొలబద్దతో కొలిస్తే సాక్ష్యం తలకిందులవుతుంది.

ఒక మాట ఎవరికి చెప్పాడో, ఎవరికి చెప్పలేదో చూడటం తర్వాతి పని. దీనికి అశోకుడిని మించిన ఉదాహరణ నాకు కనబడలేదు. కళింగ యుద్ధంలో లక్షా యాభై వేల మందిని చెరపట్టి తరలించామని, లక్ష మంది హతులయ్యారని, అంతకు ఎన్నో రెట్లు ఇతర కారణాలతో పోయారని, దానికి తాను పశ్చాత్తాప పడుతున్నానని పదమూడో శిలాశాసనం చెబుతుంది. షాబాజ్‌గఢీలో, ఎర్రగుడిలో ఆ శాసనం ఉంది. కళింగలోనే ఉన్న ధౌలి, జౌగడలలో లేదు. అక్కడ దాని బదులు, ప్రజలందరూ నా బిడ్డలు, వాళ్లను అన్యాయంగా బంధించవద్దు, హింసించవద్దు అని అధికారులకు చెప్పే వేరే శాసనాలు చెక్కించాడు. పశ్చాత్తాపం అబద్ధమని దీనికి అర్థం కాదు. ఓడిన ప్రజల ముందు ఆ లెక్క చదివించడం పాలకుడిగా అతను ఎంచుకోలేదు, అంతే.

అదే పదమూడో శాసనంలో అటవీ ప్రజలకు హెచ్చరిక కూడా ఉంది: పశ్చాత్తాప పడుతున్న రాజుకు దండించే శక్తి కూడా ఉందని. నాలుగో స్తంభశాసనంలో మరణశిక్ష పడ్డవాళ్లకు మూడు రోజుల గడువు ఇచ్చాడు. మరణశిక్షను తీసేయలేదు. వంటశాలలో రోజూ లక్షల్లో చంపే జంతువుల సంఖ్య రెండు నెమళ్లకు, ఒక లేడికి తగ్గిందని, ఆ లేడి కూడా ప్రతిరోజూ కాదని మొదటి శిలాశాసనం అంటుంది. పట్టాభిషేకమైన పదమూడేళ్లకు ధర్మ మహామాత్రులనే కొత్త ఉద్యోగులను నియమించాడు. వీటన్నిటినీ కలిపి చూస్తే అతని ధర్మం రాజ్యయంత్రంలో ఎక్కడిదాకా వెళ్లిందో గీత గీసి చూపించవచ్చు: వంటింటి దాకా, ఉద్యోగ వ్యవస్థ దాకా, న్యాయవిచారణ దాకా వెళ్లింది, దండశక్తి దగ్గర ఆగింది. "అహింసామూర్తి" అన్నా "నటన" అన్నా ఈ గీత చెరిగిపోతుంది, అది నష్టం.

కాలక్రమం పట్టించుకోకపోవడం వల్ల జరిగే పొరపాటు మొఘలుల విషయంలో ఎక్కువ. ముస్లిమేతరుల మీద వేసే జిజియా పన్నును అక్బర్ రద్దు చేసింది 1564లో. భిన్న మతాల పండితులతో చర్చలు జరిపిన ఇబాదత్‌ఖానా కట్టించింది 1575లో. మతవివాదాల్లో తుది మాట చక్రవర్తిదేనన్న మహజర్ వచ్చింది 1579లో. మధ్యలో 1568లో చిత్తోడ్‌ను గెలిచాక విడుదల చేసిన విజయపత్రం నిండా అవిశ్వాసుల మీద ధర్మయుద్ధమన్న భాషే. కాబట్టి "ఉదార మత భావన కలిగింది, అందుకే జిజియా తీసేశాడు" అన్న వివరణలో కారణం ఫలితం తర్వాత వస్తోంది. రాజపుత్రులతో పొత్తు అవసరం ముందు వచ్చింది, ఆలోచన దాని వెంట నడిచి, తర్వాత తనంతట తానే బలపడింది. పాలకుల్లో ఇది తరచూ కనిపించేదే: మొదట అవసరానికి చేసిన పని క్రమంగా నమ్మకంగా స్థిరపడుతుంది.

ఔరంగజేబ్ విషయంలో రెండు వైపులా తొందరపాటు ఉంది. మతనిష్ఠ అతనికి మొదటి నుంచీ ఉంది. 1658లో గద్దెనెక్కాడు, జిజియాను తిరిగి విధించింది 1679లో. మారని దానితో మారినదాన్ని వివరించలేం. కాబట్టి 21 ఏళ్ల ఆలస్యానికి ఇంకో కారణం వెతకాలి: రాజపుత్రులతో చెడిన సంబంధాలు, దక్కనులో మరాఠాల ఎదుగుదల, పన్ను వసూలులో ఉలేమాలకు (ఇస్లాం మతపండితులకు) దొరికే ఉద్యోగాలు. అలాగని మతం సంగతి కొట్టేయలేం. 1669లో కాశీ విశ్వనాథాలయం, 1670లో మథుర కేశవదేవాలయం అతని హయాంలోనే కూలాయి. జిజియా తెచ్చిపెట్టిన వైరాన్ని భరిస్తూనే దాన్ని కొనసాగించాడు. మరోపక్క పై హోదా మన్సబ్‌దార్లలో (మొఘల్ కొలువు అధికారుల్లో) హిందువుల వాటా అక్బర్ కాలంలో ఐదింట ఒక వంతుకు కాస్త పైన ఉంటే, ఔరంగజేబ్ పాలన చివరి దశలో మూడింట ఒక వంతుకు దగ్గరైంది. దక్కను యుద్ధంలో మరాఠా సర్దార్లను కొలువులోకి తీసుకోవడం దీనికి ముఖ్య కారణం. ఈ వాస్తవాల్లో తమకు నచ్చిన ఒక్కటే తీసుకుని తీర్పు చెప్పేవారిని నమ్మకండి. అన్నీ ఒకే మనిషి పాలనలో నిజమే.

ప్రసిద్ధమైన మాటలతో జాగ్రత్త. ఫ్రాన్స్ రాజు నాలుగో హెన్రీ 1593లో కేథలిక్‌గా మారుతూ "పారిస్ కోసం ఒక పూజ చేయవచ్చు" అన్నాడని పుస్తకాల నిండా ఉంది. అతను ఆ మాట అన్నట్టు ఆ నాటి సాక్ష్యం లేదు. ఆ వాక్యం తీసేసి చూడండి: మతం మారిన ఐదేళ్లకు 1598లో నాంట్ శాసనంతో తన పాత మతస్థులైన ప్రొటెస్టెంట్లకు ఆరాధన స్వేచ్ఛ, వాళ్ల చేతిలో ఉండే కోటలు ఇచ్చాడు. మాటను ఆధారం చేసుకుంటే అవకాశవాది, పనులను చేసుకుంటే బాధ్యత మరువనివాడు. ఏ చర్చలోనైనా ఇలాంటి వాక్యం కనబడితే అది మొదట ఏ సంవత్సరంలో అచ్చులోకి వచ్చిందో చూడండి. సగం వివాదాలు అక్కడే సద్దుమణుగుతాయి.

బాల్యాన్ని పట్టుకుని వివరించడం కూడా బలహీనమైన పద్ధతే. స్టాలిన్ 1894 నుంచి 1899 దాకా తిఫ్లిస్ మతపాఠశాలలో చదివాడు. దాంతో అతని పాలనలో ఏదైనా వివరించవచ్చు, అందుకే ఏదీ తేలదు. 1943 సెప్టెంబరులో ముగ్గురు పెద్ద బిషప్పులను పిలిపించి, చర్చి పెద్దను ఎన్నుకోవడానికి అనుమతి ఇచ్చాడు. దీనికి చిన్ననాటి చదువు కంటే యుద్ధంలో జనాన్ని కూడగట్టాల్సిన అవసరం, మిత్రదేశాల ముందు మంచి ముఖం చూపాల్సిన అవసరం సూటిగా కారణాలు.

ఆధునిక సిద్ధాంతాల దగ్గరికి వచ్చేసరికి ఇంకో దారి తెరుచుకుంటుంది. సిద్ధాంతం పాలకుడి కోరికలను మార్చడం కంటే అతని చెవికి ఏం చేరుతుందో మార్చడమే ఎక్కువ ప్రమాదం. చైనాలో 1958లో మొదలైన ముందడుగు (గ్రేట్ లీప్ ఫార్వర్డ్) ఉద్యమంలో ఇది అంచెలంచెలుగా కనిపిస్తుంది. సమష్టి కమ్యూన్లతో పంట అమాంతం పెరుగుతుందని సిద్ధాంతం చెప్పింది. పెరగలేదని రాసే అధికారి సిద్ధాంతాన్ని శంకించినవాడవుతాడు. అందుకని ప్రతి మెట్టులోనూ లెక్క పెంచి రాశారు. పెంచిన లెక్క మీద ధాన్య సేకరణ వాటా వేశారు. 1959 జులైలో లూషాన్ సమావేశంలో రక్షణమంత్రి పెంగ్ దెహువాయ్ మావోకు లేఖ రాసి లోపాలు చెప్పాడు. మావో దాన్ని పార్టీ మీద దాడిగా తీసుకుని అతన్ని పదవి నుంచి తప్పించాడు, "మితవాద అవకాశవాదుల" వేట మొదలైంది. ఆ తర్వాత నిజం చెప్పే ధైర్యం ఎవరికీ మిగల్లేదు. 1958లో 20 కోట్ల టన్నులున్న ధాన్యం 1959లో 17 కోట్లకు, 1960లో 14 కోట్ల పైచిలుకుకు పడింది, అయినా 1959లో సేకరణ పెరిగింది. కోట్ల మంది ఆకలితో చనిపోయారు. లూషాన్‌కు ముందు జరిగినదాన్ని పొరపాటనవచ్చు, తర్వాత జరిగింది అలా కాదు. సిద్ధాంతపాలకుల గురించి చదివేటప్పుడు నేను మొదట చూడమనేది ఇదే: చెడ్డ వార్త తెచ్చినవాడికి ఏమైంది?

పక్కనే లెనిన్‌ను పెట్టండి. 1921 మార్చిలో క్రోన్‌స్టాట్ నావికుల తిరుగుబాటు జరుగుతుండగానే పదో పార్టీ మహాసభ రైతుల నుంచి ధాన్యం బలవంతంగా లాక్కోవడం ఆపి, దాని స్థానంలో పన్ను పెట్టింది. మిగులు ధాన్యాన్ని రైతు అమ్ముకోవచ్చు. మార్క్సిస్టు పార్టీకి అది పెద్ద వెనకడుగు. అదే సభ పార్టీలో ముఠాలను నిషేధించింది. బజారును ఒప్పుకున్నవాడు పార్టీలో భిన్నాభిప్రాయానికి చోటు ఒప్పుకోలేదు. కష్టం వచ్చినప్పుడు ఏది వదిలాడు, ఏది బిగించాడు అన్నది చూస్తే సిద్ధాంతంలో అతనికి ఏది గుండెకాయో తెలుస్తుంది.

సిద్ధాంతమే రాజ్యమెక్కితే రాజ్యం కూడా సిద్ధాంతాన్ని మారుస్తుంది. ఇరాన్‌లో 1982 మేలో ఇరాక్ ఆక్రమించిన ఖుర్రంషహర్ నగరాన్ని తిరిగి గెలిచాక యుద్ధం ఆపే అవకాశం ఉన్నా ఖొమేనీ నాయకత్వం ఇరాక్ భూభాగంలోకి యుద్ధాన్ని తీసుకెళ్లింది. ఇంకో ఆరేళ్లు సాగింది. 1988 జనవరిలో అప్పటి అధ్యక్షుడు ఖమేనీకి రాసిన లేఖలో, ఇస్లామిక ప్రభుత్వం ప్రాథమిక విధి అని, నమాజు, ఉపవాసం, హజ్ కంటే కూడా దానికే ప్రాధాన్యమని ఖొమేనీ రాశాడు. ఆ జులైలో యుద్ధం ఆపాలన్న ఐక్యరాజ్యసమితి 598వ తీర్మానాన్ని, విషం తాగడంతో సమానమంటూ, ఒప్పుకున్నాడు. 1982లో నమ్మకం రాజ్యాన్ని లాగింది, 1988 వచ్చేసరికి రాజ్యాన్ని కాపాడుకోవడమే నమ్మకంలో మొదటి సూత్రమైంది. ఒకే మనిషికి ఒకే తీర్పు రాయకుండా దశలుగా విడదీయాలనేది ఇందుకే.

మూల్యం చెల్లించడం అనే పరీక్ష గద్దె మీద లేని నాయకులకు ఇంకా బాగా పనిచేస్తుంది. 1922 ఫిబ్రవరిలో చౌరీచౌరాలో పోలీసులను చంపాక గాంధీ సహాయ నిరాకరణ ఉద్యమాన్ని ఆపేశాడు. జైళ్లలో ఉన్న మోతీలాల్, లజపతిరాయ్ వంటి తోటి నాయకులు మండిపడ్డారు. ఉద్యమ బలం ఒక్కటే లెక్కవేసుకునేవాడు ఆ పని చేయడం కష్టం. అంబేడ్కర్ హిందువుగా మరణించనని 1935లో యేవలాలో ప్రకటించి, 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో బౌద్ధం స్వీకరించాడు. 1950 నాటి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డ్ కులాల హోదా అప్పట్లో బౌద్ధులకు వర్తించేది కాదు. బౌద్ధంలోకి వెళ్లినవారికి అది చట్టంలో తిరిగి వచ్చింది 1990లోనే. తన జనం కోసం తానే సాధించిన రక్షణలు ప్రమాదంలో పడతాయని తెలిసి కూడా వేసిన అడుగు అది. లాభం లెక్కతో దాన్ని వివరించడం కుదరదు.

నమ్మకం, లాభం చివరిదాకా విడిపోని కేసులూ ఉంటాయి. చైనాలో తాంగ్ చక్రవర్తి ఊజోంగ్ 845లో బౌద్ధాన్ని అణచివేశాడు. 4,600 ఆరామాలు కూల్చి, 2,60,500 మంది భిక్షువులు, భిక్షుణులను గృహస్థులుగా మార్చి పన్ను జాబితాలో చేర్చారు. కంచు విగ్రహాలు, గంటలు నాణేలయ్యాయి. ఖజానాకు డబ్బు కావాలి, చక్రవర్తి తావో మత భక్తుడు. రెండూ ఒకే వైపు లాగుతున్నాయి, విడదీయడం కష్టం. అప్పుడు పక్కనున్న చిన్న విషయాలు చూడాలి. అదే ఉత్తర్వు పెద్దగా ఆస్తుల్లేని నెస్టోరియన్ క్రైస్తవ, జొరాస్ట్రియన్ మతగురువులు రెండు మూడు వేల మందిని కూడా తాకింది. వాళ్ల వల్ల ఖజానాకు పెద్దగా ఒరిగేది ఏమీ లేదు, విదేశీ మతాలన్న కోపమే అక్కడ పనిచేసింది. తావో రసవాదుల మాత్రలు మింగుతూ ఆరోగ్యం చెడగొట్టుకుని ముప్పై రెండేళ్లు నిండకుండానే ఊజోంగ్ 846లో చనిపోయాడు. అదే ఖజానా, అదే కొరత చేతికొచ్చిన తర్వాతి చక్రవర్తి షువాన్‌జోంగ్ ఆ ఏడాదే ఆ విధానాన్ని వెనక్కి తిప్పాడు.